జారితే బరువెయ్యి, లేస్తే బావనెక్కించు

భిలాయి పవర్‌హౌస్ స్టేషన్లో దిగి నందిని రోడ్డు పట్టుకున్నవాడికి రెండు వస్తువులు డబ్బివ్వకుండా దొరుకుతాయి. ఒకటి ఇనుప రజను, రెండోది సలహా. క్యాంప్ 2లో ఈ రెండోదానికి ఎన్నడూ కరువు రాలేదు. ఉక్కు కర్మాగారం కట్టే రోజుల్లో శ్రీకాకుళం, విజయనగరం వైపు పల్లెల నుంచి వచ్చిన కూలీలు దిగిన క్యాంపుల్లో ఇదొకటి. తాత తట్ట మోశాడు, తండ్రి కాంట్రాక్టు పనికి పోయాడు, కొడుకు వెల్డింగ్ షాపు పెట్టాడు. ముగ్గురికీ తెలిసిన వైద్యం ఒక్కటే. వదులైనదానికి వెల్డింగ్ పెట్టు, తేలికైనదానికి ఇనుము కట్టు. ఆ వైద్యశాస్త్రాన్ని చిన్న ట్రాక్టర్ల యజమానుల కోసం ఇక్కడ రాసి పెడుతున్నాం. పాటించేవాళ్ళు పాటించవచ్చు, మిగిలినవాళ్ళు పక్కకు తప్పుకోవచ్చు.

క్యాంపులో పొలం ఏదీ, ట్రాక్టర్ దేనికీ అంటారేమో. ఎండాకాలం నీళ్ళ ట్యాంకరు, వానలకు ముందు ఇసుక, మొరం, ఇటుక. భాద్రపదంలో వినాయకుడు, ఆశ్వయుజంలో దుర్గమ్మ. చలికాలం వచ్చిందంటే ధాన్యం. నవంబరు నుంచి జనవరి చివరి దాకా దుర్గ్ చుట్టుపక్కల పల్లెలన్నీ సొసైటీ కేంద్రాలకు ధాన్యం తోలుతూనే ఉంటాయి. 2023 నుంచి ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం ఎకరాకు 21 క్వింటాళ్ళు, క్వింటాలు 3100 రూపాయల లెక్కన కొంటోంది. బస్తాకు 40 కిలోలు. రెండెకరాల రైతు పంట ఒక్కసారే ఎత్తితే 105 బస్తాలు, అంటే నాలుగు టన్నుల పైమాట. దాన్ని లాగాల్సింది 22 హార్స్‌పవర్ల బండి. ఇక్కడివాళ్ళు కన్హార్ అనే నల్లమట్టిలో పైపొర ఎండినా లోపల తడి ఆరదు. అందులోంచి లాగి, గట్టు దాటించి, రోడ్డెక్కించాలి. వెనక చక్రం గిర్రున తిరుగుతుంది, బండి మాత్రం కదలదు. సరిగ్గా అప్పుడే ఎవడో ఒకడు మన షాపుకు ఫోను చేస్తాడు.

మొదటి సూత్రం: జబ్బు ఏమిటని అడగొద్దు.

ట్రాక్టర్‌కు జబ్బులు రెండు. వెనక చక్రాలు జారడం ఒకటి, అంటే వాటి మీద బరువు చాలడం లేదు. ముందు చక్రాలు లేవడం రెండోది, అంటే ముందు బరువు చాలడం లేదు. చదువుకున్న మెకానిక్ ఎవడైనా ఈ రెండింటికీ వేర్వేరు మందులంటాడు. ముందు ఇరుసు దాటి ఇంకా ముందుకు వేలాడదీసిన ప్రతి కిలో వెనక చక్రాల మీది బరువును కొంత లాగేసుకుంటుందని, వెనక ఇరుసు దాటి వేలాడదీసినది ముందు చక్రాలను తేలిక చేస్తుందని సిగరెట్ పెట్టె మీద గీసి మరీ చూపిస్తాడు. అతని మాట వింటూ కూర్చుంటే పొద్దు పోతుంది. మన దగ్గర ఒకే మందుంది, దాని పేరు ఇనుము. జారినా అదే, లేచినా అదే. ఎక్కడ కట్టాలన్నది షాపులో ఆ పూట ఖాళీగా ఉన్న బోల్టును బట్టి ఉంటుంది.

ఇందులో విదేశీ పరిజ్ఞానం కూడా ఉంది. మిషిగన్‌లో ఉన్న మనవాళ్ళ అబ్బాయి జనవరిలో ఒక వీడియో పంపాడు. ఇంటి ముందు మోకాలి లోతు మంచు. చిన్న ట్రాక్టర్ మీద కూర్చుని ముందున్న బకెట్‌తో ఆ మంచు ఎత్తి పక్కన పోస్తున్నాడు. వెనక త్రీ పాయింట్ లింకేజీకి సిమెంటు దిమ్మ తగిలించి ఉంది. వెనక టైర్లకు గొలుసులు చుట్టి ఉన్నాయి. క్యాంప్ 2 మొత్తం ఆ వీడియో చూసింది. వారం తిరక్కుండా మన షాపు ముందు మూడు దిమ్మలు పోతపోశాం. జామూల్ సిమెంటు పక్కనే, కంకరకు కొదవ లేదు. ఘనపు అడుగు కాంక్రీటు సుమారు 68 కిలోలు తూగుతుంది, అదే ఘనపు అడుగు ఇనుమైతే 220 దాటుతుంది. కాబట్టి దిమ్మ మధ్యలో పాత గేరు చక్రాలు కూడా పడేశాం.

ఆ అబ్బాయి దిమ్మను వెనక ఎందుకు కట్టాడని అడిగే మొండివాళ్ళు కొందరుంటారు. అతని లోడు ముందు బకెట్లో ఉంది. అది పైకి లేచినప్పుడల్లా వెనక చక్రాలు తేలిపోతాయి, అందుకని వెనక బరువు. మన లోడు వెనక ట్రాలీలో ఉంది. ఆ సూత్రం ప్రకారమే మనకు కావలసింది ముందు బరువు. తర్కానికి బాగానే ఉంది. కానీ వీడియోలో దిమ్మ వెనకే కదా కనిపిస్తోంది! అమెరికాలో ఉన్నవాడు తప్పు చేస్తాడా? కాబట్టి మనమూ వెనకే కడదాం. దిమ్మను వెనక వేలాడదీసి, దాని కింద నుంచి నాలుగు టన్నుల ట్రాలీ తగిలించి, గట్టు ఎక్కిస్తే బండి ముక్కు ఆకాశం వైపు చూస్తుంది. చూసేవాళ్ళు చప్పట్లు కొడతారు. స్టీరింగ్ ఎటు తిప్పినా ముందు చక్రాలకు నేల తగలదు. ఆ మాటకొస్తే గట్టు మీద స్టీరింగ్‌తో పనేముంది?

గొలుసుల సంగతీ అంతే. మంచులోకి, గడ్డకట్టిన నీటిలోకి అవి దిగి కరుచుకుంటాయి. క్యాంప్ 2లో మంచు లేదు, తారు రోడ్డుంది. తారులోకీ దిగుతాయి.

బరువుకు కావలసిన సరుకు విషయానికి వద్దాం. ట్రాక్టర్ కంపెనీలు ముందు బంపర్‌కు తగిలించే పోత ఇనుము పలకలు, వెనక చక్రాలకు బిగించే గుండ్రటి బిళ్ళలు అమ్ముతాయి. ఒక్కొక్కటీ తూకం వేసి, బోల్టు రంధ్రాలు కొలిచి చేసినవి. వాటిని కొనడం మన ఊరికి అవమానం. ప్రపంచానికి రైలు పట్టాలు చేసిచ్చే ఊరు ఇది. మీటరుకు 60 కిలోలు తూగే పట్టా ఇక్కడి మిల్లులో తయారవుతుంది. మీటరున్నర ముక్క సంపాదిస్తే 90 కిలోలు, కొలత ఎంత సులువో చూడండి. దాన్ని బంపర్‌కు వెల్డింగ్ చేసేస్తే మళ్ళీ విప్పే పని ఉండదు. ఖాళీ బండితో పెళ్ళికి పోయినా ఆ 90 కిలోలు ముందు ఇరుసు మీద కూర్చునే వస్తాయి. ముందు బేరింగులు తొందరగా పోతాయి, పోతే మన షాపే ఉంది. ఒక చిన్న చిక్కు మాత్రం చెప్పాలి. పాత పట్టా ముక్క ఇంట్లో దొరికితే అది ఎక్కణ్ణుంచి వచ్చిందో చెప్పుకోవాల్సింది మీరే. రైల్వే ఆస్తి అక్రమ స్వాధీన చట్టం 1966లోనే వచ్చింది, మొదటి తప్పుకే ఐదేళ్ళ దాకా జైలు రాసి ఉంది. చక్రానికి దొరకని పట్టు ఆర్‌పీఎఫ్ వారికి దొరుకుతుంది.

ఇప్పుడు ట్రాలీలో బస్తాలు సర్దడం. మన సలహాలన్నింటిలో ఖర్చు లేనిది, కష్టం కూడా లేనిది ఇదే: సర్దకండి. ఎన్ని బస్తాలు పట్టాయన్నదే లెక్క, ఎక్కడ పడ్డాయన్నది కాదు.

రెండు చక్రాల ట్రాలీ కథ నాలుగు చక్రాలదానిలా ఉండదు. దాని ఇరుసు మధ్యలో ఉంటుంది, ముందు కొస ట్రాక్టర్ హుక్కు మీద ఆనుతుంది. బస్తాలన్నీ ఇరుసుకు వెనక పడితే ఆ కొస పైకి ఎత్తుతుంది, ట్రాక్టర్ వెనక చక్రాలను కూడా తనతో పాటు ఎత్తుతుంది. అప్పుడు ఎంత ఇనుము కట్టినా చక్రం జారుతూనే ఉంటుంది. అన్నీ ఇరుసుకు ముందు పడితే హుక్కు కిందికి నొక్కుకుపోతుంది, వెనక చక్రాలకు పట్టు దొరుకుతుంది గానీ ముందు చక్రాలు లేస్తాయి. ఇరుసుకు కొంచెం ముందుగా లోడు నడుము వచ్చేలా సర్దితే రెండూ సర్దుకుంటాయి. దానికి కావలసింది పది బస్తాలను ఒక మూర ఇటో అటో జరిపే ఓపిక. ఆ ఓపిక మన హమాలీలకు లేక కాదు. చెప్పే నాథుడు ఉండడు. కళ్ళంలో హమాలీ ట్రాలీ వెనక డోరు దగ్గర నిలబడి బస్తా అందుకుంటాడు, అక్కడే పడేస్తాడు, అక్కడే పేరుస్తాడు. ట్రాలీ వెనక భాగం కొండలా పెరుగుతుంది, ముందు భాగంలో పిల్లలు గోళీలాడుకునేంత చోటు మిగులుతుంది. డ్రైవరు టీ తాగుతూ చూస్తాడు. తర్వాత బండి జారితే నందిని రోడ్డుకు ఫోను చేస్తాడు. మనకు ఇంతకన్నా ఏం కావాలి?

నాలుగు చక్రాల ట్రాలీ అయితే తన బరువు తనే మోసుకుంటుంది, ట్రాక్టర్ మీద ఏమీ వేయదు. దానికి మన దగ్గర సలహా లేదు.

ఇక అసలు సిసలు క్యాంపు వైద్యానికి వద్దాం. చీకటి పడబోతుండగా ఫోనొస్తుంది.

"మావా, బండి ముందు లెగిసిపోతంది. గట్టు ఎక్కట్లేదు."

"ఎంతమంది ఉన్నారల్లుడూ అక్కడ?"

"నేను, మా బావ, బావ తమ్ముడు. ఇంకో గుంటడు ఉన్నాడు."

"ఇంకేటి మరి? ఇద్దర్ని బోనెట్ మీద కూకోబెట్టు. గుంటడ్ని బంపర్ మీద నిలబెట్టు."

ఇద్దరు మనుషులు కలిసి 130 కిలోలు, పైగా నడిచే బరువు. కావలసిన చోటికి తనే వెళ్తుంది, పని అయ్యాక తనే దిగుతుంది, ఫ్రేములో బోల్టు అక్కర్లేదు. పోత ఇనుము పలకకు ఈ సుగుణాలు లేవు. పలక ఒక్క విషయంలోనే మేలు. ముక్కు ఒక్కసారిగా కింద పడ్డప్పుడు అది ముందు చక్రాల కిందికి జారిపోదు. బోనెట్ రేకు నున్నగా ఉంటుంది, పట్టుకోవడానికి సైలెన్సర్ గొట్టం తప్ప ఏమీ ఉండదు, ఆ గొట్టం కాలుతూ ఉంటుంది. బావ అరచేతులు చూస్తే ఎన్ని గట్లు ఎక్కాడో తెలుస్తుంది. బావ అన్నవాడికి ఆ మాత్రం గుర్తు ఇవ్వకపోతే ఎలా?

ఈ పద్ధతులన్నీ ఊరికే పుట్టలేదు సుమా. ఒక్కొక్కటీ పది నిమిషాలపాటు నిజంగానే పనిచేస్తుంది. బావ ఎక్కితే ముక్కు దిగుతుంది, దిమ్మ కడితే చక్రం కరుస్తుంది, పట్టా వేలాడదీస్తే బండి బుద్ధిగా నడుస్తుంది. ఆ పది నిమిషాల్లో గట్టు దాటిపోతుంది, మన పేరు నిలబడుతుంది. పదకొండో నిమిషం గురించి షాపుకు ఎవరూ ఫోను చెయ్యరు.

టైర్లలో నీళ్ళు నింపమని చెప్పే ద్రోహులు ఈ మధ్య ఎక్కువయ్యారు. వాళ్ళ మాట ఇలా ఉంటుంది. వెనక చక్రం జాకీ మీద లేపి, వాల్వు పైకి వచ్చేలా తిప్పి, లోపలి పిన్ను తీసి, గొట్టం పెట్టి వాల్వు మట్టం దాకా నీళ్ళు పోయాలి. అలా పోస్తే ట్యూబులో మూడు వంతులు నీళ్ళు, ఒక వంతు ఖాళీ ఉంటుంది. ఆ ఖాళీలో గాలి కొట్టాలి. చిన్న ట్రాక్టర్ 9.5-24 సైజు టైరుకు సుమారు 80 లీటర్లు పడతాయి. కాస్త పెద్దదైన 12.4-28కి 160 లీటర్లు. రెండు వైపులా సమానంగా నింపితే 160 కిలోల నుంచి 320 కిలోల దాకా బరువు, అదీ నేలకు ఆనుకుని. ఇరుసు మీద ఒక్క కిలో కూడా పడదు, ఎందుకంటే ఆ నీటిని మోసేది టైరు అడుగున ఉన్న నేలే. బండి పడిపోయే గుణం పెరగదు, తగ్గుతుంది. పంక్చర్ షాపువాడి కూలి, రెండు బకెట్ల ఓపిక, అంతే ఖర్చు.

వింటే ఒళ్ళు మండుతుంది. ఉక్కు ఊళ్ళో నీళ్ళతో పని జరిగితే మన బతుకేం కాను! అందుకే ఈ పద్ధతికి అడ్డం చెప్పడానికి కొన్ని కారణాలు పోగుచేశాం, వాడుకోండి. పంక్చర్ పడితే ముందు ఆ నీళ్ళన్నీ వదలాలి, పంక్చర్‌వాడు తిడతాడు. ఇది నిజమే. రోడ్డు మీద వేగంగా పోతే బండి ఎత్తేస్తుంది. ఇదీ నిజమే. క్యాంపులో కుళాయి వచ్చే గంటలో ట్రాక్టర్ టైరుకు 80 లీటర్లు పడతానంటే బిందెలతో నిలబడ్డ ఆడవాళ్ళు ఊరుకుంటారా? ఇది అన్నింటికంటే నిజం. బోరు నీళ్ళు పట్టుకోవచ్చు కదా అని ఎవరైనా అంటే మాట మార్చండి.

చలిదేశాల్లో ఉత్త నీళ్ళు గడ్డకడతాయి కాబట్టి కాల్షియం క్లోరైడ్ కలుపుతారు. అది కారితే రిమ్ము తినేస్తుంది. అందుకని అమెరికాలో చక్కెర దుంప నుంచి పంచదార తీశాక మిగిలే రసాన్ని టైర్లలో పోసే పద్ధతి వచ్చింది. నీటికన్నా దాదాపు 30 శాతం ఎక్కువ తూగుతుంది, చలికి గడ్డకట్టదు, ఇనుమును తినదు. ఇది మిషిగన్ అబ్బాయి చెప్పగానే మన బుర్ర పరుగులు తీసింది. మనకు దుంప లేదు గానీ కవర్ధా వైపు చెరకు ఉంది. భిలాయిలో చలి ఎంత ముదిరినా నీళ్ళు గడ్డకట్టవు గనక చెరకు రసం అవసరం అణువంత కూడా లేదు. అవసరం లేని పనిలోనే కదా షోకు ఉండేది. రెండు టైర్లకూ తాజా రసం పట్టించండి. మూడో రోజుకు అది పులుస్తుంది, ట్యూబు దానంతటదే గట్టిపడుతుంది, గాలి కొట్టే ఖర్చు కలిసొస్తుంది. వాల్వు విప్పేవాడు మాత్రం మొహం పక్కకు పెట్టుకోవాలి.

గాలి విషయం త్వరగా ముగిద్దాం. మంచి టైరు అంటే రాయిలా ఉండాలన్నది క్యాంపు న్యాయం. పొలంలో వెనక టైరుకు 12 నుంచి 14 పౌండ్ల గాలి చాలని పుస్తకాలు అంటాయి. గాలి కాస్త తక్కువుంటే టైరు అడుగు పరుచుకుని ఎక్కువ గుబ్బలు నేలను పట్టుకుంటాయి, మరీ తక్కువైతే రిమ్ము లోపల ట్యూబు జరిగి వాల్వు తెగుతుంది, కాబట్టి మీటరు పెట్టి చూడాలి అంటాయి. మీటరు ఎవడి దగ్గరుంది? కాలితో తన్ని చూడండి. కాలు నొప్పెడితే గాలి సరిపోయినట్టు.

టైరు గుబ్బల దిక్కు కూడా చూడక్కర్లేదు. వెనక నుంచి చూస్తే అవి మొన పైకి ఉండేలా బిగించాలంటారు. అప్పుడు మొన ముందు నేలను తాకి, బురద రెండు పక్కలకూ జారిపోతుందట. పంక్చర్ వేసిన కుర్రాడు కుడిది ఎడమకు, ఎడమది కుడికి వేశాడనుకోండి, బురదంతా మధ్యలోకి చేరి టైరు నున్నటి పీపాగా మారుతుంది. దానికీ మందు మన దగ్గర ఉండనే ఉంది, ఇంకొంచెం ఇనుము.

బండి పూర్తిగా దిగబడ్డప్పుడు ఏం చెయ్యాలో ఇప్పుడు చెబుతాం. ఇదొక్కటీ జాగ్రత్తగా చదవండి, ఎందుకంటే రెండోసారి చదివే అవకాశం అందరికీ రాదు.

ముందుగా యాక్సిలేటర్ నొక్కి పట్టండి. చక్రం తవ్వుకుంటూ ఇరుసు దాకా దిగాలి. డిఫరెన్షియల్ లాక్ అని కాలి దగ్గర ఒక పెడల్ ఉంటుంది. ఒక చక్రం ఊరికే తిరుగుతుంటే రెండోదాన్ని కూడా దానితో కలిపి తిప్పేది. బండి నేరుగా ఉన్నప్పుడు, చక్రాలు ఆగి ఉన్నప్పుడు తొక్కి, పట్టు దొరకగానే వదిలెయ్యాలి. దాని జోలికి పోకండి. లేదా ఒకసారి తొక్కి మలుపులో కూడా అలాగే ఉంచండి, లోపల ఏదో ఒకటి ఫటుక్కుమనే దాకా.

తర్వాత అసలు విద్య. ఒక బలమైన దుంగ తెచ్చి వెనక చక్రాలకు అడ్డంగా గొలుసుతో కట్టండి. చక్రం తిరిగితే దుంగ కిందికి వెళ్తుంది, దాని మీదికి బండి ఎక్కి బయటికి వస్తుంది. వస్తుంది కూడా, చాలాసార్లు. కానీ ఒక్కోసారి దుంగ మట్టిలో బిగుసుకుని కదలదు. చక్రం తిరగలేదు, ఇంజను ఊరుకోదు. ఆ శక్తి ఎటో ఒకవైపు పోవాలి కదా. చక్రం తిరగకపోతే బండే చక్రం చుట్టూ తిరుగుతుంది. ముక్కు పైకి లేస్తుంది, సీటు కిందికి వస్తుంది. ముక్కు లేవడం మొదలైన ముప్పావు సెకనులో వెనక్కి తేవడానికి వీల్లేని చోటికి చేరుతుంది. సెకనున్నరలో ట్రాక్టర్ తల్లకిందులు. మనిషికి ప్రమాదం కనబడి, కాలు క్లచ్ మీదికి పోవడానికి పట్టే సమయం కూడా ఇంచుమించు అంతే.

ఇంకో ట్రాక్టర్‌తో లాగించేటప్పుడు గొలుసు ఎక్కడ తగిలించాలన్నదానికీ ఇదే సమాధానం. తయారుచేసినవాళ్ళు డ్రాబార్ అని ఒక ఇనుప కమ్మీ కింద, ఇరుసుకన్నా దిగువన పెట్టారు. అక్కడ తగిలిస్తే లాగుడు ముక్కును నేలకేసి ఉంచుతుంది. కానీ అక్కడ తగిలించాలంటే వంగాలి, బురదలో చెయ్యి పెట్టాలి, పిన్ను వెతకాలి. నడుము ఎత్తులో టాప్ లింకు కనిపిస్తూనే ఉంది. సీటు వెనక ఇరుసు గొట్టం ఉంది. గొలుసు దానికే చుట్టండి. లాగే చోటు ఎంత పైన ఉంటే వెనక చక్రాల మీద అంత బరువు పడుతుంది, పట్టు అంత బాగా దొరుకుతుంది. అందుకే ఈ పద్ధతికి ఇంత పేరు. ముందు చక్రాల మీంచి తీసిందే వెనక వేస్తోందని, ముందు తీయడానికి ఏమీ మిగలనప్పుడు బండి వెనక్కి పడుతుందని గ్రహించేలోపు ఆ పేరు ఇంకొంచెం పెరుగుతుంది.

దిగబడ్డ బండి ముందు పారతో మట్టి తీసి, ట్రాలీ పిన్ను ఊడదీసి, ఖాళీ ట్రాక్టర్‌ను వెనక్కి నడిపి, తర్వాత పొడుగు గొలుసుతో ట్రాలీని గట్టి నేల మీంచి లాగేవాళ్ళు కూడా ఉన్నారు. వాళ్ళకు గంట పడుతుంది. చూడ్డానికి జనం కూడా రారు.

సీటు వెనక నిలబెట్టిన రెండు కాళ్ళ ఇనుప చట్రం గురించి ఒక మాట. బండి తిరగబడితే డ్రైవరుకూ నేలకూ మధ్య జాగా మిగిల్చేందుకు పెట్టింది అది, సీటు బెల్టు పెట్టుకున్నప్పుడే పూర్తిగా పనికొస్తుంది. స్వీడన్‌లో కొత్త ట్రాక్టర్లన్నింటికీ దాన్ని 1959లో తప్పనిసరి చేశారు. ఆ ఏడాదే ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ భిలాయిలో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ ప్రారంభించారు. ఇనుము ఎక్కడ పెట్టాలో వాళ్ళు నేర్చుకున్న ఏడాదే ఇనుము కరిగించడం మనం మొదలుపెట్టామన్నమాట. మీ బండికి ఆ చట్రం ఉంటే కోయించెయ్యండి. మామిడి కొమ్మలకు తగులుతుంది, షెడ్డులో పట్టదు. దాని బదులు పల్చటి రేకుతో నీడ గొడుగు, నాలుగు మూలలా నాలుగు స్పీకర్లు మన షాపులో పెట్టిస్తాం. కోసిన గొట్టం మనమే తీసుకుంటాం, బంపర్‌కు పనికొస్తుంది.

కేజీవీల్స్ గురించి మన సొంతూరి వాళ్ళకు చెప్పనక్కర్లేదు. పాలకొండ నుంచి పలాస దాకా దమ్ముకు అవే. బురదలో వాటిని మించినది లేదు. దమ్ము అయ్యాక విప్పి, మామూలు టైర్లతో రోడ్డెక్కాలి. నాలుగు బోల్టులు విప్పడం బద్ధకమైతే అలాగే రోడ్డెక్కండి. తారు రోడ్డు మీద మీరు పోయిన దారి మరుసటి ఏడు దాకా కనబడుతుంది, జరిమానా రాసేవాడికి సాక్ష్యం వెతుక్కునే పని తప్పుతుంది.

చివరగా ఒక హెచ్చరిక. ఊళ్ళో కొందరు సుద్దముక్క పరీక్ష అనే దుర్మార్గానికి పాల్పడుతున్నారు. వెనక టైరు పక్కన సుద్దతో గీత గీస్తారు. లోడుతో బండి నడిపి, ఆ గీత పది చుట్లు తిరిగేసరికి ఎంత దూరం పోయిందో నేల మీద గుర్తు పెడతారు. లోడు తీసేసి అంతే దూరం మళ్ళీ నడిపి చుట్లు లెక్కపెడతారు. ఎనిమిదిన్నర, తొమ్మిది వచ్చిందా, జారుడు 10 నుంచి 15 శాతం, బరువు సరిగ్గా ఉంది. ఏడో, అంతకంటే తక్కువో వస్తే జారుడు మరీ ఎక్కువ, బరువు వెయ్యాలి, లేదా లోడు తగ్గించాలి. పదికి పదీ వస్తే చక్రం అస్సలు జారడం లేదు, అంటే బండి మోయాల్సినదానికన్నా ఎక్కువ ఇనుము మోస్తోంది, ఆ భారమంతా గేర్ల మీద, డీజిలు మీద పడుతోంది, కట్టినది విప్పెయ్యాలి. ఈ చివరి మాటే మనకు పడదు. కట్టింది విప్పమనే శాస్త్రం క్యాంప్ 2లో చెల్లదు. రూపాయి సుద్దముక్కతో ఇంత తేలిపోతే మన షాపు కరెంటు బిల్లు ఎవరు కడతారు?

బండితో పాటు ఇచ్చిన పుస్తకం సీటు కింద టూల్ బాక్సులో ఉంటుంది, చాలామందికి ఇంకా ప్లాస్టిక్ కవరులోనే. ఏ టైరుకు ఎంత గాలి, ముందు ఎన్ని పలకలు, డ్రాబార్ ఏ రంధ్రంలో, ట్రాలీ ఎంత బరువు అన్నీ అందులో పట్టికలు వేసి ఉంటాయి. ఆ కవరు విప్పినవాళ్ళు మన దగ్గరికి రారు. మిగిలినవాళ్ళు పొద్దున తొమ్మిది తర్వాత ఎప్పుడైనా రావచ్చు. సగం డబ్బు ముందు ఇవ్వాలి. తిరగబడిన బండ్లకు రిపేరు చేస్తాం గానీ, డ్రైవర్లకు చెయ్యం.